నూర్‌బర్గ్‌రింగ్‌కి సెడాన్ చాలదా?

ఉండేది స్టుట్‌గార్ట్‌లో, ఇంట్లో ఇద్దరు పిల్లలు. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద నడపడానికి ఓ కారు కొందామని చూస్తున్నాను. 2016లో ఆల్ఫా గియులియా క్వాడ్రిఫోలియో సెడాన్ అక్కడ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు) 7 నిమిషాల 32 సెకన్లలో (7:32) కొట్టింది అన్నారు. అంతకు ముందు ఏడాది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పోర్షె కేమన్ జీటీ4కి 7:40 పట్టింది. మరి నాలుగు డోర్ల కారు చాలదా?

జవాబు: ఆ 7:32 వెనక 510 హార్స్‌పవర్ ఉంది గురూ! కేమన్‌కి 385. స్ట్రెయిట్‌లో సెడాన్ లాగేస్తుంది, మలుపు దగ్గర బరువు బయటపడుతుంది.

ఇంకో జవాబు: నాదీ సెడానే. మూడో ల్యాప్‌కి బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోయింది, కాలిన వాసన. టెన్షన్‌తో పక్కకి తీసేశాను. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాక పర్లేదు. ముందు టైర్ల అంచులు మాత్రం పెన్సిల్ చెక్కినట్టు అరిగిపోతున్నాయి. ట్రాక్ కోసమే అయితే కేమన్ కొనండి.

అడిగినవాణ్ణి: సరే అండీ, రెండు సీట్ల కారులో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టను?