శ్రీశైలం కాలినడక: మడమలకు ముందే టేప్ వేయాలా, బొబ్బ వచ్చాక వేయాలా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాదికి అమ్మా నేనూ నల్లమల దారిన శ్రీశైలం నడిచి పోదామనుకుంటున్నాం. ఆత్మకూరు దాకా బస్సు, వెంకటాపురం నుంచి నడక. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, అందరూ పోయే దారే.

పోయినేడు మా పిన్ని పోయినప్పుడు పెద్దచెరువు చేరేలోపే ఆమెకు రెండు మడమలూ బొబ్బలెక్కినాయి. ఎవరో తెల్ల ప్లాస్టర్ ఇస్తే బొబ్బ మీదే అంటించుకుంది. రాత్రి దాన్ని పీకేసరికి బొబ్బ తోలంతా ప్లాస్టర్‌తో పాటే ఊడి వచ్చింది. ఆ పచ్చిపుండుతోనే భీముని కొలను మెట్లెక్కింది. అది విన్నప్పటి నుంచి అమ్మను తీసుకుపోవాలంటే టెన్షన్‌గా ఉంది.

ఆటలాడేవాళ్లు కాళ్లకు ముందే టేప్ వేసుకుంటారంట కదా. మెడికల్ షాపులో అడిగితే నాలుగు రకాలు ముందర పెట్టాడు. పేపర్‌ది, తెల్ల గుడ్డది, సాగేది, నీలం రంగుది. ఏది కొనాలి? బయలుదేరే ముందే వేయాలా, మంట మొదలయ్యాక వేయాలా? బొబ్బ వచ్చేస్తే ఏం చేయాలి? నాకు స్పోర్ట్స్ షూ ఉంది, అమ్మ బెల్టు చెప్పులు వేసుకుంటుంది. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

అనంత రన్నర్ (అనంతపురం)

తమ్ముడూ, షూ వేసుకునేవాళ్ల సంగతి వరకు నేను చెప్తా. మాతో పాటు పొద్దున్నే గ్రౌండుకు వచ్చేవాళ్లు ఎక్కువగా వాడేది ఆ తెల్ల గుడ్డ టేపే. జింక్ ఆక్సైడ్ టేప్ అని అడుగు, లూకోప్లాస్ట్ అన్నా ఇస్తారు. అది సాగదు, గట్టిగా పట్టుకుంటుంది, మడమకు బాగుంటుంది. పేపర్‌ది మైక్రోపోర్, పలచగా ఉంటుంది, అతుకు తక్కువ, వేళ్ల సందుల్లో ఒదుగుతుంది. నీలం రంగుది కండరాలు పట్టేసినప్పుడు వేసుకునే కైనిసియాలజీ టేప్ అయ్యుంటుంది. వంపుల మీద చక్కగా కూర్చుంటుంది గానీ రేటు ఎక్కువ.

పేపర్ టేప్ పలచగా ఉందని చులకన చేయొద్దు. 2016లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. జోర్డాన్, గోబీ, అటకామా ఎడారుల్లోనూ మడగాస్కర్‌లోనూ రోజులకు రోజులు సాగే 250 కిలోమీటర్ల పరుగుపందేలలో 128 మందిని తీసుకుని, పాదాల మీద కొన్నిచోట్ల ముందుగానే పేపర్ టేప్ వేసి, మిగతా చోట్ల వదిలేసి చూశారు. టేప్ ఉన్నచోట బొబ్బలు 40 శాతం తగ్గినట్టు తేలింది. చాలా చవకైన టేప్ అది!

నీ షూ కొత్తదైతే ఇప్పటి నుంచే తొడుక్కుని తిరుగు. ఉత్త కాటన్ సాక్సు వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. నడిచే కొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి వేళ్ల ముందర కొంచెం జాగా ఉండాలి. అట్లని లేసులు వదులుగా కట్టినా మడమ లోపల పైకీ కిందికీ ఆడుతుంది, బొబ్బ అక్కడే లేస్తుంది. చీలమండ దగ్గర పైన మిగిలిపోయే ఆఖరు రంధ్రంలోంచి కూడా లేసు దూర్చి కట్టు.

కర్నూలు నర్సమ్మ

నాయనా, ముందు ఒక మాట చెప్పు. అమ్మకు షుగర్ ఉందా? అది తెలిస్తే నేను చెప్పేది కొంత మారుతుంది.

ఉగాది ముందు నడిచి వచ్చే భక్తుల కోసం దారిలో పెట్టే మెడికల్ క్యాంపుల్లో కాళ్లు కడిగి కట్లు కట్టే పని చేస్తుంటాను. కర్ణాటక నుంచి నడుచుకుంటూ వచ్చే వాళ్ల అరికాళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాటిలో చాలా వరకు రాకుండా ఆపగలిగినవే, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

బొబ్బ ఎట్లా వస్తుందో తెలుసుకుంటే టేప్ ఎప్పుడు వేయాలో నీకే అర్థమవుతుంది. మీ చెయ్యి వెనక చర్మం మీద ఇంకో చేతి వేలు గట్టిగా ఆనించి అటూ ఇటూ కదిపి చూడు. వేలు జారదు, చర్మం కదులుతుంది, లోపల ఎముక మాత్రం అక్కడే ఉంటుంది. నడిచేటప్పుడు మడమలో ఇదే జరుగుతుంది. పైచర్మం సాక్సుకో చెప్పు బెల్టుకో అతుక్కుని ఉంటుంది, ఎముక లోపల ముందుకూ వెనక్కూ పోతుంది. ఆ లాగుడుకు చర్మంలోని పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. చెమటకు నానిన చర్మమైతే ఇంకా తొందరగా విడిపోతుంది. నీరు కనబడే సరికే లోపల పొర తెగిపోయి ఉంటుందన్నమాట. కాబట్టి టేప్ వేయాల్సింది నడకకు ముందే, లేకపోతే మొదటి మంట తగిలిన నిమిషంలో. ‘ఇంకో కిలోమీటరే కదా, తర్వాత చూద్దాం’ అనుకుని పోయేవాళ్లే సాయంత్రానికి కుంటుకుంటూ మా దగ్గరికి వస్తారు. మంట పుట్టిందంటే పక్కనున్న బండమీద కూర్చో, చెప్పు విప్పు. జతవాళ్లు ముందుకు పోయినా ఫర్వాలేదు.

మడమకు వేసే తీరు చెప్తా, చేతిలో టేప్ పట్టుకుని చదువు. కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులతో సహా ఆరనివ్వాలి. ఆ తర్వాత స్పిరిట్ దూదితో తుడవాలి. నూనె, వ్యాసలిన్, పౌడరు ఏమీ ఉండకూడదు, అవి ఉంటే టేప్ పట్టదు. చెమట కాళ్లయితే టింక్చర్ బెంజాయిన్ పలచగా రాసి ఆరనిస్తే టేప్ గట్టిగా నిలుస్తుంది. అది సాంబ్రాణి బంకను స్పిరిట్‌లో కరిగించిన మందే, వాసన కూడా అట్లాగే ఉంటుంది. పగిలిన చర్మం మీద మాత్రం రాయొద్దు, భగ్గున మండుతుంది.

టేప్ బెత్తెడు పొడవు కత్తిరించి నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా చెయ్యి. మూల మొనదేలి ఉంటే సాక్సుకు తగులుకుని లేస్తుంది, లేచిన చోట చుట్టుకుంటుంది, ఆ చుట్టే కొత్త బొబ్బ లేపుతుంది. పాదాన్ని మోకాలి వైపు పైకి వంచి పట్టుకో. టేప్ నడిమి భాగాన్ని మడమ వెనక, చెప్పు ఒరుసుకునే చోట, లాగకుండా ఆనించు. అక్కడి నుంచి రెండు పక్కలకూ బొటనవేలితో నునుపుగా అదుముకుంటూ పో. చివరి అంగుళం అసలు లాగకూడదు. ఒక్క ముడత కనబడినా మొహమాటపడకుండా తీసేసి కొత్త ముక్క వెయ్యి. ముడత మీద నడవడమంటే చెప్పులో రాయి పెట్టుకుని నడవడమే. ఇంకో ముక్క దాని కింద, సగం మీదికి ఎక్కేటట్టు. తర్వాత అరచేత్తో గట్టిగా అదిమి కొంతసేపు ఉంచు, చేతి వేడికి బంక బాగా పడుతుంది. వీలైతే ఇదంతా ముందురోజు రాత్రే చేసుకోండి. సాక్సును చుట్ట చుట్టి వేళ్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా విప్పుకుంటూ పైకి తొడగాలి, సర్రున లాగితే టేప్ అంచు లేస్తుంది.

అరికాలు ముందు భాగానికైతే అడుగున అడ్డంగా వేసి కొసలు రెండు పక్కలా పైకి తెచ్చి వదిలెయ్యి. పాదం చుట్టూ పూర్తిగా చుట్టొద్దు. మధ్యాహ్నానికి కాలు ఉబ్బితే అది బిగుసుకుని రక్తం ఆడదు. వేళ్లకు కూడా అంతే. చిటికెన వేలికి పేపర్ టేప్ చాలు, గోళ్లు మాత్రం ముందే కత్తిరించుకో.

ఇక వచ్చేసిన బొబ్బ. చిన్నదై, నొప్పి లేకుంటే దాని జోలికి పోవద్దు. పైన ఉన్న ఆ తోలును మించిన కట్టు నా పెట్టెలో కూడా లేదు. కింద కొత్త చర్మం వచ్చే దాకా అది కాపాడుతుంది. అందుకే బంక ఉన్న టేప్ నేరుగా దాని మీద పడకూడదు. బొబ్బ అంతటినీ కప్పేటట్టు గాజ్ గుడ్డ ముక్క పెట్టి, దాని అవతల మంచి చర్మానికి టేప్ అంటించాలి. మీ పిన్నికి ఆ గుడ్డ ముక్క ఒక్కటి పెట్టి ఉంటే తోలు నిలిచేది, పాపం.

పెద్దదై అడుగు పెట్టనివ్వకుండా ఉంటే నీరు తీయొచ్చు. చేతులు, బొబ్బ సబ్బుతో కడిగి, ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసిన కొత్త సిరంజి సూదితో అంచు దగ్గర రెండు చోట్ల గుచ్చి, గాజ్‌తో మెల్లగా అదిమి నీరు పోనివ్వాలి. తోలు కత్తిరించొద్దు. బీటాడిన్ ఆయింట్‌మెంట్, గాజ్, ఆ పైన టేప్. రక్తం చేరి నల్లగా ఉన్నదాన్ని గుచ్చొద్దు. తోలు ముందే ఊడిపోయి ఉంటే మంచి నీళ్లతో కడిగి పారఫిన్ గాజ్ పెట్టాలి, అది పుండుకు అతుక్కోదు.

టేప్ తీసేటప్పుడు అంచుల వెంట కొబ్బరినూనె రాసి కాసేపు ఆగు. తర్వాత ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టి, టేప్‌ను దాని మీదికే మడుస్తూ నిదానంగా ఒలుచు.

ఇంకొకటి, మరిచిపోతానేమో. మధ్యలో గుండ్రటి మెత్త ఉంటుంది కదా అని కొందరు కార్న్ క్యాప్ కొని బొబ్బకు వేస్తున్నారు. అందులో ఉండేది ఆనెకాయను కరిగించే సాలిసిలిక్ ఆసిడ్. బొబ్బ మీద అది ఎప్పటికీ వేయకూడదు.

లంకమల బాట (కడప)

నర్సమ్మా, బాగా చెప్పినావు. అయితే మా పెద్దలు బొబ్బలోంచి సూదీదారం దూర్చి, దారం అట్లే వదిలేసేవాళ్లు. నీరు దారం వెంట కారిపోయి తెల్లారేసరికి బొబ్బ అణిగిపోయేది. లంకమల అడవిలో తిరిగే మావాళ్లు ఇప్పటికీ అదే చేస్తారు. దానికి నువ్వేమంటావు? ఇంకో అనుమానం. మొక్కు ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా నడుస్తారు గదా, వాళ్ల అరికాలికి ఈ టేప్ పనికొస్తుందా?

కర్నూలు నర్సమ్మ

పెద్దాయనా, నీరు కారిపోయే మాట నిజమే. కానీ దారం లోపలే ఉన్నంతసేపు బయటి మట్టి, చెమట లోపలికి పోవడానికి కూడా దారి తెరిచే ఉంటుంది. దాంతో చీము పట్టి, చుట్టూ ఎర్రగా వాచి, జ్వరంతో వచ్చినవాళ్లకు నేనే కట్టు కట్టాను. సూది గుచ్చి తీసేస్తే చాలు, దారం మాత్రం వద్దు. బూడిద, పసుపు, టూత్‌పేస్టు కూడా వద్దు, వాటిని కడగడమే మాకు పెద్ద పనవుతుంది. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, కాలి మీదికి ఎర్ర గీతలు పోతున్నా, జ్వరం తగిలినా నడక ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి.

చెప్పులు లేనివాళ్లకు టేప్ నిలవదు, మట్టికి, రాళ్లకు ఊడిపోతుంది. పైగా తారు రోడ్డు మీద వాళ్లకు లేచేవి చాలా వరకు రాపిడి బొబ్బలు కావు, కాలిన బొబ్బలు. వాటికి విరుగుడు ఎండ ఎక్కకముందు నడిచి, మధ్యాహ్నం చెట్టు కింద ఆగడమే. మొక్కును నేను కాదనను, కానీ మార్చి ఎండకు కాలిన తారు మీద మిట్టమధ్యాహ్నం నడవొద్దని చేతులెత్తి వేడుకుంటా.

తుంగభద్ర గట్టు

అక్కా, మీకు చాలా రుణపడి ఉంటా. అమ్మకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. అప్పుడప్పుడూ పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి అంటుంది. ఆమెకు టేప్ వేయొచ్చా?

కర్నూలు నర్సమ్మ

ఆ తిమ్మిరి మాట చెప్పి మంచి పని చేశావు నాయనా. షుగర్‌తో నరాలు మొద్దుబారితే మంట తెలియదు. నీకు వచ్చే ఆ మొదటి హెచ్చరిక అమ్మకు రాదు, బొబ్బ పగిలి పుండైనా ఆమె నడుస్తూనే ఉంటుంది. కాబట్టి టికెట్ తీసుకునే ముందు ఆమె చూపించుకునే డాక్టరుతో పాదాలు పరీక్ష చేయించు. స్పర్శ ఎంతుంది, రక్తం ఎట్లా ఆడుతోంది చూసి, నడవొచ్చో లేదో ఆయన చెప్పాలి. నడవమంటేనే మిగతా మాట.

ఆయన సరేనంటే పేపర్ టేప్ ఒక్కటే వెయ్యి. లూకోప్లాస్ట్ అమ్మ చర్మానికి వద్దు, తీసేటప్పుడు చీలుతుంది. బెల్టు చెప్పులు మాన్పించి, ముందు భాగం వెడల్పుగా ఉన్న మెత్తటి షూ కొను, అతుకుల్లేని సాక్సు తొడిగించు. తొడిగే ముందు ప్రతిసారీ షూలో చెయ్యి పెట్టి తడుము, ఇసుక రవ్వ ఉన్నా తెలియాలి. నాగలూటిలో, పెద్దచెరువులో, ఆగిన ప్రతిచోటా సాక్సు విప్పించి వేళ్ల సందులు, మడమ, అరికాలు నువ్వే చూడు, చీకటి పడితే ఫోన్ లైటు వేసుకో. ఎర్రగా కందినా ఆమె నడక అక్కడితో సరి. బొబ్బ లేస్తే నువ్వు సూది పట్టుకోవద్దు. గాజ్ కప్పి, దగ్గర్లోని క్యాంపుకో ఆసుపత్రికో తీసుకుపో.

ఒకవేళ డాక్టరు వద్దంటే అమ్మను బస్సులో శ్రీశైలం పంపించు, నువ్వు నడిచి వెళ్లి కైలాసద్వారం దిక్కు నుంచి వచ్చి ఆమెను కలుసుకో. ఆమె బాధపడుతుంది, నాకు తెలుసు. నా మాటగా చెప్పు.

తుంగభద్ర గట్టు

సోమవారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నా అక్కా. నాకు మాత్రం ఈరోజే లూకోప్లాస్ట్, మైక్రోపోర్, పారఫిన్ గాజ్ కొన్నా. రేపు పొద్దున మడమలకు వేసుకుని కేసీ కెనాల్ గట్టు మీద నడిచి చూస్తా. ఎక్కడైనా అంచు లేస్తే ఫోటో పెడతా, చూసి చెప్పండి.