సెగా కన్సోళ్లు ఆపేసి మంచి పని చేసిందా?

ప్రశ్న: సెగా ఆఖరి గేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ మంచి మెషీనే కదా. 2001లో సెగా హార్డ్‌వేర్ మానేసి గేములకే పరిమితమవడం సరైనదేనా? నింటెండో ఇప్పటికీ రెండూ చేస్తోంది మరి.

జవాబు 1: సరైనదే అండి. కన్సోల్ మీద నష్టపోయినా గేముల అమ్మకం, బయటి కంపెనీలు కట్టే లైసెన్స్ ఫీజుతో పూడ్చుకోవాలి. డ్రీమ్‌కాస్ట్‌ని అమెరికాలో 199 డాలర్లకే ఇచ్చినా, పెద్ద గేమ్ కంపెనీ ఈఏ దానికి ఒక్క గేమూ చెయ్యలేదు. పైగా మిల్-సీడీ (పాటలతో పాటు బొమ్మలూ ఉండే సెగా సీడీ రకం) లొసుగు ఒకటి. గేములు సెగా సొంత డిస్క్ అయిన 1 జీబీ జీడీ-రామ్‌లో వచ్చినా, మెషీన్ మామూలు సీడీ నుంచీ బూట్ అయ్యేది. వీడియో, ఆడియో నాణ్యత తగ్గించి 700 ఎంబీకి కుదించి రాసుకుంటే చాలు, మోడ్‌చిప్ (కాపీ డిస్కులు ఆడించడానికి మెషీన్‌లో అతికించే చిప్) కూడా అక్కర్లేదు. ఇక డబ్బులెక్కణ్ణుంచి వస్తాయి?

జవాబు 2: పైరసీ కన్నా ముందే దెబ్బ పడింది బ్రో. 1995 మేలో అమెరికాలో డ్రీమ్‌కాస్ట్‌కి ముందటి కన్సోల్ శాటర్న్‌ని చెప్పాపెట్టకుండా, అనుకున్న తేదీకి దాదాపు నాలుగు నెలల ముందే 399 డాలర్లకు దింపారు. సరుకు అందని దుకాణాలు అలిగాయి, బయటివాళ్ల గేములు సిద్ధంగా లేవు. ఆ నమ్మకం మళ్లీ రాలేదు. తర్వాత పోటీగా వచ్చిన సోనీ పీఎస్2 సినిమా డీవీడీలూ ఆడించింది.

జవాబు 3: నింటెండోతో పోల్చకండి. వాళ్ల జెల్డా సిరీస్‌లో కొత్త గేమ్ ఇంకో కంపెనీ కన్సోల్‌లో దొరకదు, దానికోసమే మెషీన్ కొంటారు. చేతిలో నగదూ ఉంది కాబట్టి వీ యూ కన్సోల్ అమ్మకాలు 1.36 కోట్లు దాటకపోయినా తట్టుకుంది. సెగాకి ఆ వెసులుబాటు లేదు. సెగా సొంత గేమ్ సోనిక్ కూడా 2001 డిసెంబర్‌కల్లా నింటెండో కన్సోల్ గేమ్‌క్యూబ్‌లోకి వచ్చేసింది.