ఒక్క కేక్ ముక్క తినగానే "ఈరోజుకి ఎలాగూ పోయింది" అనిపిస్తుంది, మీకూ అంతేనా?

పుల్లట్టు:
పొద్దున్నుంచి సాయంత్రం దాకా బుద్ధిగా ఉంటానండీ, రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె, అంతే. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని కేక్ చేతిలో పెడతారు, తింటాను, ఇక లోపల మొదలవుతుంది: "నీకు కంట్రోల్ లేదు, నువ్వింతే, సోమవారం నుంచి చూద్దాంలే." ఇంటికొచ్చాక మిక్చర్ డబ్బా ఖాళీ. తిట్టుకోవడం మానేస్తే ఇంకా తినేస్తానేమోనని భయం. ఎలా?

చింతచిగురు:
మిక్చర్ ఖాళీ చేయించింది కేక్ కాదు, ఆ "ఎలాగూ పోయింది" అన్న మాటే. 1975లో హెర్మన్, మాక్ అనే సైకాలజిస్టులు కొందరు అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, తర్వాత అందరికీ రుచి చూడమని ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్లు షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు, డైటింగ్ ధ్యాసలో ఉన్నవాళ్లలో మాత్రం షేక్ తాగినవాళ్లే తాగనివాళ్లకంటే ఎక్కువ తిన్నారు! ఎలాగూ గీత దాటేశాం కదా అని.

మీ భయానికి కూడా జవాబుంది. 2007లో ఆడమ్స్, లియరీ ఇలాగే కాలేజీ అమ్మాయిలకు డోనట్ పెట్టి, కొందరితో "అందరూ తింటారు, దీనికోసం మిమ్మల్ని మీరు నిందించుకోకండి" అన్నారు. ఆ తర్వాత చాక్లెట్లు ముందు పెడితే, నోరు కట్టుకునే అలవాటున్న వాళ్లలో ఆ మాట విన్నవాళ్లే తక్కువ తిన్నారు. కాబట్టి "తిన్నాను, బాగుంది, రాత్రి మామూలుగా భోంచేస్తాను" అనుకుని వదిలేయండి.

గోంగూర_పచ్చడి:
అదంతా సరే గానీ తల్లీ, రెండు ఇడ్లీలు, ఒక రొట్టెతో సాయంత్రం ఆరింటికి ఎవరికైనా కడుపు కాలుతుంది. దానికి కంట్రోల్ అని పేరెందుకు? ముందు కడుపునిండా పప్పన్నం తిను. ఇంకోటి, లోపల తిట్టే ఆ గొంతు నీదేనా, లేక పెళ్లిళ్లలో "లావయ్యావే" అని, ఆ నోటితోనే "ఇంకో లడ్డూ వేసుకో" అనే పిన్నిదా? మా ఇంట్లో మగాళ్లకి ఈ గొంతు వినిపించగా నేనెప్పుడూ చూడలేదు.

ఎవరూ చూడకుండా ఆపుకోలేనంతగా తినడం, తిన్నది కక్కేయడం లాంటివి ఉంటే మాత్రం చిట్కాలతో కూర్చోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

పుల్లట్టు:
కక్కడాలు అవీ లేవండీ, థాంక్స్. రేపటి నుంచి క్యారేజీలో పెరుగన్నం కూడా పెట్టుకుంటా. మరి పిల్లలు ప్లేట్లో వదిలేసింది పారేయబుద్ధి కాక తినేస్తాం చూడండి, దానికేం చేస్తున్నారు?