బీవర్ లేక్, నీళ్లు 46 డిగ్రీలు: డీప్ జెర్క్‌బెయిట్ ఆపిన చోట ఆగట్లేదు

కయాక్_కుర్రోడు:
అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, బెంటన్‌విల్ నుంచి అడుగుతున్నా. బీవర్ లేక్‌లో ప్రెయిరీ క్రీక్ వైపు కయాక్ మీద వేస్తున్నాను. పైనీళ్లు 46 ఫారెన్‌హీట్, బాగా తేటగా ఉన్నాయి. సోనార్‌లో (నీళ్ల కింది చేపల్ని తెర మీద చూపే పరికరం) బాస్ చేపలు 14–18 అడుగుల దగ్గర నిలబడి ఉన్నాయి, వాటి కింద ఇంకా బోలెడు నీళ్లు. మామూలు జెర్క్‌బెయిట్ (కుదిపి లాగి ఆపే చేప ఆకారపు ఎర), మెగాబాస్ విజన్ 110 వేస్తే కొంచెం పైకొచ్చి చూసి వెనక్కి పోతున్నాయి. నా లైను 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో మునిగే రకం దారం), 7 అడుగుల మీడియం హెవీ రాడ్.

డీప్ డైవర్ (లోతుకి దిగే ఎర) ఏది తీసుకోవాలి? బాక్సు మీద వేసిన లోతు నిజంగా పోతుందా? ఇంకొకటి: నా దగ్గరున్న ఒక డీప్ ఎర ఆపగానే మెల్లగా పైకి తేలిపోతోంది. ఇంట్లో టబ్‌లో వేసి చూస్తే మాత్రం కదలకుండా నిలబడింది.

గట్టుమీది_కొంగ:
ముందు లోతు సంగతి. 18 అడుగుల్లో చేప ఉందని 18 అడుగులు పోయే ఎర వెతక్కండి. చల్లటి తేట నీళ్లలో బాస్ పైకి చూస్తూ ఉంటుంది. తలకి నాలుగైదు అడుగుల పైన ఎర ఆగితే లేచి వస్తుంది, తన కిందికి పోయినదాని కోసం దిగడం చాలా అరుదు. మీకు కావలసింది 9–10 అడుగులు.

విజన్ 110 మామూలుగా ఐదు అడుగుల చుట్టుపక్కల తిరుగుతుంది, అందుకే చూసి పోతున్నాయి. దాన్లోనే ప్లస్ వన్ అనే రకం అయితే ఇంకో రెండు మూడడుగులు దిగుతుంది. ఇంకా కావాలంటే లక్కీ క్రాఫ్ట్ స్టేసీ 90 లేదా స్మిత్‌విక్ పర్ఫెక్ట్ 10 రోగ్. స్టేసీ చిన్నది, 90 మిల్లీమీటర్లే, కాబట్టి షాడ్ (బాస్ తినే చిన్న చేప) పిల్లలు చిన్నగా ఉన్న చోట అదే బావుంటుంది. రోగ్ ఐదున్నర అంగుళాలు, గాలికి ఎదురు కూడా కాస్త దూరం పోతుంది. నన్నడిగితే మొదట ప్లస్ వన్ ఒకటి, స్టేసీ ఒకటి. రంగులు పోగేయడం తర్వాత: ఎండకి లోపల ఖాళీ కనిపించే పారదర్శకం, మబ్బుకి తెలుపు, ప్రస్తుతానికి ఈ రెండూ చాలు.

బాక్సు మీద లోతు సన్న లైనుకీ, పొడుగు క్యాస్ట్‌కీ (విసురుకీ) చెప్పినదే అనుకోండి. మీ 12 పౌండ్ల లైను దాదాపు 0.28 మిల్లీమీటర్లు, 8 పౌండ్లది 0.23 దగ్గర. లావు లైనుకి నీళ్ల ఒరిపిడి ఎక్కువ, అది ఎరని పైకి పట్టి ఉంచుతుంది. 8కి మారితే ఒక అడుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కలిసొస్తుంది. నైలాన్ మాత్రం వద్దు, అది ఫ్లోరోకార్బన్‌లా మునగదు.

క్యాస్ట్ దూరం ఇంకా ముఖ్యం. మొదటి భాగమంతా ఎర దిగడానికే, చివరి భాగం మీ రాడ్ వైపు ఎక్కడానికే సరిపోతుంది. 20 గజాలు వేస్తే లోతు అందుకున్న వెంటనే తిరుగు ప్రయాణం. 35–40 గజాలు వేయండి, రాడ్ కొన నీళ్లకి ఆనించి ఎనిమిది పది తిప్పులు గబగబా తిప్పండి, అప్పుడు మొదటి జెర్క్.

పాత_రోగ్:
తేలే ఎర గురించి. టబ్ పరీక్షే మిమ్మల్ని మోసం చేసింది. చల్లనీళ్లు వెచ్చనీళ్లకన్నా బరువు (40 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ), అందుకే ఇంట్లో నిలబడిన ఎర సరస్సులో తేలుతుంది. తేడా గ్రాములో ఒకటి రెండు వందో వంతుల్లో ఉంటుంది, కానీ ఎరని నిలబెట్టేది కూడా అంత సన్నటి లెక్కే.

సరస్సు దగ్గరే సరిచెయ్యండి. మీరు వాడే లైనూ, స్నాప్‌తోనే (ఎర తగిలించే చిన్న కొక్కెం) కట్టి, ఎర ఐదు నిమిషాలు నీళ్లలో చల్లబడనివ్వండి. రాడ్ కొనతో రెండడుగులు కిందికి లాగి, లైను వదులు చేసి చూడండి. లేస్తే సీసం టేపు పావు అంగుళం ముక్క కోసి కడుపు కింద, బిల్‌కీ (ఎర ముక్కు దగ్గర, లోతుకి దించే పలక) ముందు హుక్‌కీ మధ్య అంటించండి. టేపు బదులు స్టార్మ్ సస్పెండాట్స్ (అంటించే బరువు చుక్కలు) కూడా ఇదే పనికి. అంటించేముందు తడి తుడిచి, గోటితో అంచులు గట్టిగా నొక్కాలి, లేకపోతే పదో క్యాస్ట్‌కి ఊడిపోతుంది. పది సెకన్లకి బెత్తెడు దిగితే నాకు చాలు, ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వైపు బరువు పెడితే ముక్కు పైకి లేస్తుంది, తర్వాతి లాగుకి దిగదు, అడ్డంగా జారుతుంది.

హుక్ మార్చడం రెండో దారి. 6 నంబరు తీసి 5 వేయండి (ట్రెబుల్‌లో, అంటే మూడు ముళ్ల హుక్‌లో, నంబరు తగ్గితే సైజు పెరుగుతుంది). 4కి పోతే పక్క పక్క హుక్‌లు ఒకదాన్నొకటి పట్టుకునే ప్రమాదం ఉంది, చేతిలో ఊపి చూసుకోండి.

ఇంకోటి, తిన్నగా లాగినప్పుడు ఎర పక్కకి కొట్టుకుపోతుంటే లోతు అందదు. బిల్ మీ వైపుకి పెట్టి, కుడికి పోతే లైను కట్టే కన్నాన్ని ప్లయర్‌తో ఎడమకి వెంట్రుకవాసి వంచండి. ఎక్కువ వంచితే కన్నం వదులై ఊడుతుంది.

కయాక్_కుర్రోడు:
చాలా థాంక్స్ అన్నా. ఒక సందేహం. ఎంతసేపు ఆపాలి? కూర్చుని జెర్క్ చేస్తుంటే రాడ్ కొన కయాక్‌కే తగులుతోంది.

నీటిమట్టం:
46 దగ్గర 8 నుంచి 15 సెకన్లు. 42కి పడితే 20 దాటించండి, 52 వస్తే మూడు నాలుగు చాలు. సెకన్లు లెక్కపెట్టండి, మనసుకి ఐదు అనిపించేది నిజానికి రెండే. 45 కిందికి వస్తే థ్రెడ్‌ఫిన్ షాడ్ చచ్చిపోవడం మొదలవుతుంది, మీరు నటించాల్సింది ఆ కొట్టుకునే షాడ్‌నే.

కూర్చున్నప్పుడు కొన కిందికి కాదు, నీళ్లకి సమాంతరంగా పక్కకి లాగండి, ఆరున్నర అడుగుల మీడియం రాడ్ హాయి. మీడియం హెవీతో డీప్ బిల్‌ని విసురుగా లాగితే ఎర మూడడుగులు ముందుకి దూకి చేప కంటికి దూరమవుతుంది. జానెడు లాగి, వెంటనే కొనని ఎర వైపు తిప్పి లైను వదలండి. ఆ వదులే ఎరని పక్కకి తిప్పేది. కొరమీనుకి కప్ప ఎర లాగిన చేతికి ఇది అలవాటవడానికి కాస్త టైం పడుతుంది.

కయాక్‌లో అసలు శత్రువు గాలి. పడవ ఎర నుంచి దూరంగా కొట్టుకుపోతుంటే మీరు ఆపానని అనుకుంటారు, ఎర మాత్రం నడుస్తూనే ఉంటుంది. గాలి వీపు మీద ఉండేలా తిరగండి, అప్పుడు పడవ ఎర వైపే జరుగుతుంది. లైను ఎక్కువ వదులైతే కొంచెం చుట్టండి, బిగించొద్దు.

కాటు టక్ మని కొట్టదు. తర్వాతి జెర్క్ వేసేసరికి తడిగుడ్డ లాగినట్టు బరువు తగులుతుంది, లేదా లైను ఒక పక్కకి జరుగుతుంది. కొట్టకండి, రాడ్ పక్కకి సాగదీయండి. ఈ చలిలో హుక్ చేప మూతి అంచుకే తగులుతుంది, బలంగా లాగితే చిన్న ట్రెబుల్ చీల్చుకుని వస్తుంది. రీల్ డ్రాగ్ (చేప లాగితే లైను వదిలే బ్రేకు) వదులుగా ఉంచండి.

కొంగగారి 8 పౌండ్ల లైనుతో నాకు సగం పేచీ. మునిగిన చెట్లు ఉన్న చోట 10 వేయండి, ఖరీదైన ఎర కొమ్మకి బలిపెట్టడం కన్నా అర అడుగు లోతు వదులుకోవడం నయం.

గట్టుమీది_కొంగ:
చెట్ల దగ్గర 10, ఒప్పుకుంటా. బ్లఫ్ (నీళ్లలోకి నిటారుగా దిగే రాతి గోడ) కొనలూ, సరస్సు అడుగున ఉన్న పాత కాలువ గట్టుకి ఆనుకునే మలుపులూ తేటగా ఉంటే 8. రబ్బరు వల పట్టుకెళ్లండి, మూడు ట్రెబుల్స్ వేలాడే మూతిలో బొటనవేలు పెట్టొద్దు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండండి, 46 డిగ్రీల్లో పడితే చేతులు నిమిషాల్లో మాట వినవు.

పాత_రోగ్:
పొద్దున్నే రాడ్ కన్నాల్లో మంచు పేరుకుంటే పెదాలకి పూసే బామ్ రాయండి. లైను సరిగ్గా పోక ఎర దిగని రోజు సగం తప్పు ఆ మంచుదే.