2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ మంచిదా, ఎల్‌ఎక్స్‌క్యూటీ మంచిదా?

అందరికీ నమస్కారం. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ రెండూ లినక్స్‌లో తేలికపాటి డెస్క్‌టాప్‌లు (తెర మీద మెనూలు, విండోలు చూపించే ఏర్పాటు). 2011లో కొన్న ల్యాప్‌టాప్. 64-బిట్ డ్యూయల్ కోర్, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. ర్యామ్ రెండో స్లాట్ పనిచేయదు కాబట్టి పెంచే వీలు లేదు. అమ్మ దీంట్లో తెలుగు టైప్ చేసుకోవాలి, వార్తలు చదువుకోవాలి.

నెల రోజుల్లో రెండు లినక్స్‌లు వేసి చూశాను. మొదటిది గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్‌తో వచ్చింది. ఏమీ తెరవకముందే 1.2 జీబీ ర్యామ్ వాడేసింది, బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరిస్తే స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) వెళ్లి రెండు నిమిషాలు కదలదు. రెండోది పూర్తి డెస్క్‌టాప్ లేకుండా కేవలం విండో మేనేజర్‌తో (విండోలను చూపించే చిన్న ప్రోగ్రామ్), ర్యామ్ వాడకం 210 ఎంబీ దగ్గర ఆగింది. ఆ వేగం చూసి చాలా సంతోషం వేసింది. కానీ తెలుగు దగ్గరే చిక్కు: తెలుగు టైప్ చేయడానికి వాడే ఐబస్ ప్రోగ్రామ్ తనంతట తాను మొదలవ్వదు. ఆటోస్టార్ట్ ఫైల్లో లైను రాశాను, ఐబస్‌నే వాడమని చెప్పే ఇన్‌పుట్ మాడ్యూల్ వేరియబుల్స్ (సెట్టింగులు) పెట్టాను, రీస్టార్ట్ చేశాను. లిబ్రేఆఫీస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ లేఅవుట్) వస్తోంది, బ్రౌజర్‌లో రావడం లేదు. పైగా అక్షరాలు పెద్దవి చేస్తే మెనూలు తెర దాటిపోతున్నాయి. అమ్మ కళ్లకి పెద్ద అక్షరాలు తప్పనిసరి, అందులో రాజీ పడలేను.

ఇప్పుడు డెబియన్ అనే లినక్స్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయాలా, ఎల్‌ఎక్స్‌క్యూటీతో వచ్చే లుబుంటు అనే లినక్స్ వేయాలా అని ఆలోచిస్తున్నాను. 2 జీబీ మెషిన్‌లో ఐబస్ తెలుగు, పెద్ద అక్షరాలు రెండూ ఇబ్బంది లేకుండా మీకు వీటిలో దేంట్లో పనిచేశాయి?