వోల్వాను మంత్రగత్తెగా మార్చింది క్రైస్తవమేనా?

తూర్పుగాలి:
వైకింగుల కాలంలో (ఉత్తర ఐరోపాలో సుమారు 8-11 శతాబ్దాలు) వోల్వా, అంటే చేత కర్ర పట్టి ఊరూరా తిరుగుతూ సోదె చెప్పే స్త్రీ, ఎంతో గౌరవం పొందేదని, క్రైస్తవం వచ్చాకే ఆమెకు మంత్రగత్తె అన్న ముద్ర పడిందని నా అభిప్రాయం. ఎర్ర ఎరిక్ సాగాలో (సాగా అంటే ఐస్‌లాండ్‌లో రాసిన పాత గద్యకథ), కరువుతో అల్లాడుతున్న గ్రీన్‌లాండ్‌లో థోర్‌కెల్ అనే గృహస్థు థోర్బ్యోర్గ్ అనే వోల్వాను పిలిపించుకున్న ఘట్టం చూడండి. అంచు దాకా రాళ్లు పొదిగిన అంగీ, తెల్లని పిల్లితోలు లోపల వేసి కుట్టిన నల్ల గొర్రెపిల్ల చర్మపు టోపీ ధరించి ఆమె వస్తే, కోడి ఈకలు కూరిన మెత్త వేసి ఉన్నతాసనం మీద కూర్చోబెట్టారు, రకరకాల జంతువుల గుండెలు వండిపెట్టారు. భయపడి దూరం పెట్టే మనిషికి ఇంత మర్యాద ఎవరు చేస్తారు?

పాతరాత:
ఆ సాగా రాసింది 13వ శతాబ్దంలో, సంఘటన జరిగిందంటున్న కాలానికి దాదాపు 200 ఏళ్ల తరువాత, క్రైస్తవులు. అందులోని దుస్తుల వర్ణనను సాక్ష్యంగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఉత్తరదిక్కు:
పాతరాత గారి అభ్యంతరం సబబే గాని, డెన్మార్క్‌లోని ఫ్యుర్కాట్ కోట దగ్గర, సుమారు 980 నాటి సమాధిలో, బండి తొట్టెలో పడుకోబెట్టిన స్త్రీ పక్కన ఇనుప కర్రలాంటి వస్తువు, మత్తునిచ్చే ఖురాసానీ వాము గింజలు దొరికాయి. కాబట్టి అటువంటి స్త్రీలు ఉండేవారని, వారిని ఘనంగా సాగనంపేవారని నమ్మడానికి ఆధారం ఉంది.

నేను ఒప్పుకోనిది తూర్పుగాలి గారి రెండో మాట, అంటే క్రైస్తవం వచ్చాకే ఆ ముద్ర పడిందన్నది. భయం క్రైస్తవానికి ముందే ఉన్నట్టు సాగాలే చెబుతున్నాయి. ఎయిర్‌బిగ్యా సాగాలో, ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారకముందు జరిగినట్టు చెప్పిన కథలో, గెయిర్రిద్, కట్లా అనే ఇద్దరు మంత్రవిద్య తెలిసిన స్త్రీలుంటారు. గున్‌లౌగ్ అనే యువకుణ్ణి రాత్రివేళ ఎవరో ఒళ్లంతా గాయపరిస్తే నింద గెయిర్రిద్ మీద పడుతుంది, సభలో ప్రమాణం మీద ఆమె బయటపడుతుంది. తరువాత ఆ పని తనదేనని కట్లా ఒప్పుకోగా ఆమెను రాళ్లతో కొట్టి చంపుతారు. విద్య ఇద్దరికీ ఉంది, శిక్ష మాత్రం చేతబడి చేసినామెకే పడింది. ఈ తేడాను రచయిత క్రైస్తవుడై ఉండి కూడా చెరిపివేయలేదన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

ఇక మగవారి సంగతి. వోల్వాలు చేసే సెయిద్ అనే ఈ మంత్రవిద్యను ఫ్రేయా దేవత నేర్పిందని, దేవతల పెద్ద ఓడిన్ కూడా ఆచరించాడని, అయితే అది పురుషుడికి సిగ్గుచేటైన పని కనుక పూజారిణులకే నేర్పేవారని 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాశాడు. లోకసెన్నా అనే పాత కావ్యంలో, కుయుక్తుల దేవుడు లోకీ ఓడిన్‌ను ఎత్తిపొడిచేది దీనితోనే.

తూర్పుగాలి:
మీ వాదన ఒప్పుకున్నా, 17వ శతాబ్దంలో నార్వే ఉత్తర కొసన ఫిన్‌మార్క్‌లో మంత్రవిద్య నేరం మీద 90 మందికి పైగా మరణశిక్ష పొందారు, వారిలో అత్యధికులు స్త్రీలే. దానికి చర్చి బాధ్యత లేదంటారా?

ఉత్తరదిక్కు:
ఉంది, కాని అది మధ్యయుగం నాటి వోల్వా కథ కాదు. అదే శతాబ్దంలో, అదే డెన్మార్క్ రాజు ఏలుబడిలో, అదే లూథరన్ మతం కింద ఐస్‌లాండ్‌లో అదే నేరానికి 20 మందికి పైగా దహనమైతే వారిలో స్త్రీ ఒక్కతే. స్త్రీని మంత్రగత్తెగా చూడటం చర్చి నేర్పిందే అయితే, వోల్వాల కథలను ఎక్కువగా దాచుకున్న ఆ దీవిలోనే మగవారు ఎందుకు కాలిపోయారో మీరు చెప్పవలసి ఉంటుంది.