‘మెల్ట్ ఆన్‌సెట్’కి నా ఓటు ‘చెమ్మగిల్లడం’

ఆర్కిటిక్ సముద్రం మీద నీరు గట్టిపడి ఏర్పడిన గడ్డ ఎప్పుడు కరగడం మొదలైందో ఉపగ్రహ రాడార్ చెబుతుంది కదా, ఆ ‘మెల్ట్ ఆన్‌సెట్’ను తెలుగులో ఏమనాలని ఒక మిత్రుడు అడిగారు. ‘ద్రవీభవన ప్రారంభం’ అని సూచనలొచ్చాయి. తప్పేమీ లేదు కానీ, అక్కడ జరిగేది చూస్తే ఇంతకంటే మంచి మాట మన దగ్గరే ఉంది: చెమ్మగిల్లడం.

చలికాలంలో ఆ గడ్డ మీద పేరుకున్న మంచు పొడిగా ఉంటుంది. ఐరోపా వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 పంపే తరంగాల పొడవు సుమారు 5.5 సెంటీమీటర్లు. అవి పొడిమంచులోంచి దిగిపోయి కింది గడ్డను తాకి వెనక్కి వస్తాయి. ఏళ్ల తరబడి నిలిచిన ముదురు గడ్డలో ఉప్పునీరు జారిపోయి గాలి బుడగలు మిగులుతాయి. అవి తరంగాలను చెదరగొట్టడం వల్ల చిత్రంలో ఆ గడ్డ తెల్లగా మెరుస్తుంది. మే, జూన్ నెలలొచ్చేసరికి పైనున్న మంచుకి కాస్త తడి తగులుతుంది. అప్పటికి గడ్డ విస్తీర్ణం పెద్దగా తగ్గి ఉండదు. అయినా ఆ కొద్దిపాటి తడే తరంగాలను పీల్చేసుకుంటుంది, మొన్నటిదాకా తెల్లగా ఉన్న చోటు నల్లబడుతుంది. రాడార్ పట్టుకునేది ఆ తొలి చెమ్మనే. కళ్లు చెమ్మగిల్లాయంటే కన్నీరింకా చెంపల మీదికి జారలేదనే కదా!

ఆ తర్వాత కరిగిన నీరు మడుగులు కడుతుంది, గడ్డ బీటలిచ్చి పలకలుగా విడిపోతుంది, సెప్టెంబరుకి ఏడాదిలోకెల్లా తక్కువకి చేరుతుంది. 2012 సెప్టెంబరులో అయితే సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లే మిగిలింది. ఇన్ని దశలకూ ‘కరగడం’ ఒక్కటే వాడితే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది?

‘మంచు’తో ఇంకో చిక్కు. డిసెంబరు పొద్దున మన ఔటర్ రింగ్ రోడ్డును కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. రాడార్‌కి పొగమంచూ మబ్బులూ అడ్డు కావు, నెలల తరబడి సాగే ధ్రువాల చీకటీ అడ్డు కాదు. ‘మంచులోంచి మంచు మీది మంచును చూస్తుంది’ అని రాస్తే తల తిరుగుతుంది! అందుకే కురిసిందాన్ని మంచు అని, సముద్రపు నీరే గట్టిపడితే గడ్డ అని, గాల్లో ఉన్నదాన్ని పొగమంచు అని విడిగా రాద్దాం. ‘మంచుకొండ’ని మాత్రం ఇందులోకి లాగొద్దు. అది నేల మీది హిమానీనదం నుంచి విరిగిపడిన ముక్క, దాని పుట్టుకే వేరు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసాల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ ఎగిరాక రాడార్ చిత్రాల గురించి తెలుగులో రాయాల్సిన అవసరం పెరిగింది. బాలానగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ దూర సంవేదన కేంద్రం), దగ్గర్లోని షాద్‌నగర్‌లో ఉపగ్రహ సమాచారం అందుకునే కేంద్రం ఉన్న హైదరాబాద్ మనది. ఈ మాటలు మనం కాకపోతే ఎవరు తేల్చుకుంటారు?

ఒక మాట మాత్రం నాకు దొరకడం లేదు. నిలకడగా ఉన్న నీరు రాడార్‌లో నల్లగా కనబడుతుంది, గాలికి పైన సన్నగా అలజడి రేగితే తెల్లబడుతుంది. అది గడ్డో నీరో తేల్చడం అప్పుడే కష్టం. ఆ సన్నని అలజడికి శ్రీకాకుళం, నెల్లూరు తీరాల్లో వేటకెళ్లేవాళ్లు ఏమంటారో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి.